తలుపు మీది పసుపు స్టికర్ ముందు చదవండి: పాత ఫిఫ్త్ వీల్ కొనబోతున్న మిత్రుడికి జవాబు

మీ ప్రశ్నను నాకు అర్థమైనంత వరకు ఒకసారి మళ్లీ చెబుతాను, పొరబడితే సరిదిద్దండి. మీరు డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటారు. 2018 నాటి 36 అడుగుల ఫిఫ్త్ వీల్ ట్రెయిలర్, అంటే పికప్ వెనక లాక్కెళ్లే, వంటగదీ పడకగదీ ఉన్న చక్రాల ఇల్లు ఒకటి బేరంలో ఉంది. లాగడానికి మీ దగ్గర 2500 తరగతి డీజిల్ పికప్ ఉంది, దాని వెనక తొట్టి ఆరున్నర అడుగులది. వచ్చే వేసవిలో గుంటూరు నుంచి అమ్మానాన్నలు వస్తే, భార్యాపిల్లలతో కలిపి అందరినీ ఎల్లోస్టోన్ జాతీయ పార్కు దాకా తీసుకెళ్లాలని మీ కోరిక. ట్రెయిలర్ కొన్నాక చేతిలో 5,000 డాలర్లు మిగులుతాయి. వాటితో ముందు ఏమేం అమర్చుకోవాలి, ఏ భాగాన్ని ఎప్పుడు చూసుకోవాలి అని అడిగారు. సోలార్ పలకలు, బట్టలు ఉతికే యంత్రం, ఉపగ్రహ ఇంటర్నెట్, వెనక కెమెరా, ఇదీ మీ జాబితా.

సూటిగా చెబుతాను. ఆ డబ్బు టైర్లు, బేరింగులు, బ్రేకులు, పైకప్పు, కరెంటు రక్షణ పరికరం, ఈ ఐదింటి మీదే పెట్టండి. మీ జాబితాలోంచి కెమెరా ఒక్కటి ఉంచుకోండి. ఇంకో మాట మీరు అడగలేదు గానీ అన్నిటికంటే ముందు చెప్పాల్సింది అదే. మీ పికప్ ఆ ట్రెయిలర్‌ను లాగగలదు, మోయలేదు.

నేను పదకొండేళ్లుగా ఫిఫ్త్ వీల్ లాగుతున్నాను. ఇది రెండో ట్రెయిలర్, రెండో పికప్. మొదటి పికప్ మీదానిలాంటిదే. దాన్ని అమ్మిన కుర్రాడు "పద్దెనిమిది వేల పౌండ్లు అవలీలగా లాగుతుంది" అన్నాడు. అతను అబద్ధం చెప్పలేదు. ఆ ఇంజనుకు అంత సత్తా ఉంది. కానీ ఫిఫ్త్ వీల్ బండి బంపరుకు తగిలించుకునే మామూలు ట్రెయిలర్ కాదు. దాని ముక్కు పికప్ తొట్టిలోకి వచ్చి, వెనక ఇరుసుకు నేరుగా పైన హిచ్ (ట్రెయిలర్‌ను పట్టి ఉంచే కొక్కెం) మీద కూర్చుంటుంది. మొత్తం బరువులో సుమారు ఐదో వంతు ట్రెయిలర్ చక్రాల మీద పడదు, మీ పికప్ వీపు మీద పడుతుంది. అందుకే రోడ్డు మీద అంత నిలకడగా నడుస్తుంది, అందుకే పికప్‌ను అంతగా తినేస్తుంది కూడా.

డ్రైవర్ తలుపు తెరిస్తే ఆ చట్రం మీద పసుపు, తెలుపు రంగుల స్టికర్ ఒకటి ఉంటుంది. మనుషులూ సామానూ కలిపి ఇన్ని పౌండ్లు మించకూడదని దాని మీద రాసి ఉంటుంది. డ్రైవర్ కూడా ఆ లెక్కలోనే. మీరు పంపిన ఫొటోలో ఆ అంకె 2,240. ఇప్పుడు మీ లెక్క చూద్దాం. ఆ ట్రెయిలర్ గరిష్ఠ బరువు 13,900 పౌండ్లు. నీళ్లు, వంటసామాను, బట్టలు సర్దుకున్నాక 13,000కు తగ్గదని నా అనుభవం. అందులో ఐదో వంతు 2,600. హిచ్ బరువు 150. మీరిద్దరూ, పిల్లలిద్దరూ కలిపి 460 అనుకుందాం. పనిముట్ల పెట్టె, జాకీ, మిగతా చిల్లర సామాను 150. మొత్తం 3,360. అంటే 1,120 పౌండ్లు ఎక్కువ. అమ్మానాన్నల్ని ఇంకా ఎక్కించలేదు.

అమ్మకం కాగితం మీద కింగ్‌పిన్ (ట్రెయిలర్ ముక్కు కింద ఉండి హిచ్‌లోకి దిగే ఇనుప పిన్ను) మీద పడే బరువు 2,150 అని ఉందన్నారు. అది బండి ఖాళీగా ఉన్నప్పటి అంకె. ఖాళీ బండితో ఎవరూ ఎల్లోస్టోన్ వెళ్లరు కదా.

"వెనక ఇరుసు మీద ఎయిర్ బ్యాగులు, అదే బరువుకు కుంగకుండా పట్టే గాలి సంచులు, వేయిస్తే కుంగదు" అని మీకు ఎవరో ఒకరు తప్పకుండా చెబుతారు. నిజమే, కుంగినట్లు కనిపించదు. ఇరుసు అదే, చక్రం అదే, టైరు అదే, స్టికర్ మీద అంకె అదే. నేనూ వేయించుకున్నవాణ్ణే. బండి చూడటానికి తిన్నగా నిలబడింది, కాటా మీద మాత్రం వెనక ఇరుసు పరిమితి దాటే ఉంది.

కాబట్టి మీకు రెండు దారులు. చిన్న ట్రెయిలర్ చూసుకోవడం, లేదా ఇంకా ఎక్కువ బరువు మోసే 3500 తరగతి పికప్‌కు మారడం. రెండోదానికి మొగ్గితే ఒక మెలిక ఉంది. టెక్సస్‌లో పికప్, ట్రెయిలర్ రెండింటి గరిష్ఠ బరువుల మొత్తం 26,001 పౌండ్లకు చేరి, ట్రెయిలర్ ఒక్కటే 10,000 దాటితే, మామూలు లైసెన్సు చాలదు. వ్యాపార వాహనాలది కాని క్లాస్ ఎ లైసెన్సు కావాలి. మీ 2500కు గరిష్ఠ బరువు 10,000 కనుక ఇప్పుడు మొత్తం 23,900, గొడవ లేదు. వెనక నాలుగు చక్రాలున్న 14,000 పౌండ్ల పికప్ కొన్నారనుకోండి, 27,900 అవుతుంది. మోయగలిగే బండి కొన్న పాపానికి పరీక్ష రాయాలి, బండి నడిపి చూపించాలి. నేను యాభై రెండో ఏట రాశాను, ఏమీ కాదు. కాలిఫోర్నియా వైపు ఉన్నవారికి లెక్క వేరు. అక్కడ ఫిఫ్త్ వీల్ 15,000 దాటితే క్లాస్ ఎ అడుగుతారు.

అంకెలు నమ్మాలంటే తూయించాలి. హైవే పక్కన లారీలు ఆగే పెద్ద డీజిల్ బంకుల్లో క్యాట్ స్కేల్ అని కాటా ఉంటుంది, మన ఊళ్లలో లారీ కాటాలాంటిదే. మూడు పలకలుంటాయి. పికప్ ముందు చక్రాలు మొదటి దాని మీద, వెనక చక్రాలు రెండో దాని మీద, ట్రెయిలర్ చక్రాలు మూడో దాని మీద నిలపాలి. పదిహేను డాలర్లకు అటూ ఇటూగా తీసుకుని చీటీ ఇస్తారు. తర్వాత ట్రెయిలర్ విప్పి పికప్‌ను ఒక్కదాన్నే తూయించండి. పికప్ బరువులో రెండు చీటీలకు ఎంత తేడా వచ్చిందో అదే మీ అసలైన పిన్ బరువు. ఇంతకంటే చవకగా ఇంత విలువైన సమాచారం ఈ వ్యవహారంలో ఎక్కడా దొరకదు.

ఉతికే యంత్రం వద్దన్నది కూడా ఇందుకే. ఫిఫ్త్ వీళ్లలో దానికి చోటు సాధారణంగా ముందు పడకగది అల్మారాలో ఇస్తారు, అంటే సరిగ్గా కింగ్‌పిన్ నెత్తిన. ముందు వైపు సామాను అర సంగతీ అంతే. మా ఆవిడ ఒకసారి సోనా మసూరి బస్తాలు మూడు, పచ్చడి జాడీలు, ఇరవై నాలుగు నీళ్ల సీసాల కట్టలు రెండు అందులోనే పేర్చింది. నేను చూసుకోలేదు. కాటా చూసుకుంది.

టైర్లు. మా పెదనాన్నకు విజయవాడ ఆటోనగర్‌లో రెండు లారీలుండేవి. సెలవుల్లో లారీ ఎక్కి తిరిగేవాణ్ణి. బండి ఎక్కడ ఆగినా క్లీనర్ కుర్రాడు టీ కంటే ముందు ఇనుప కడ్డీ తీసుకుని దిగేవాడు. ఒక్కో టైరునూ కొట్టుకుంటూ చుట్టూ తిరిగేవాడు. గాలి నిండుగా ఉంటే కడ్డీ ఎగిరిపడుతుంది, లేకపోతే దిండు మీద కొట్టినట్లు మెత్తటి చప్పుడు వస్తుంది. మనకు ఇప్పుడు సెన్సర్లున్నాయి, ఆ కుర్రాడి శ్రద్ధ మాత్రం మనమే తెచ్చుకోవాలి.

ట్రెయిలర్ టైర్లు అరగవు, ముసలివవుతాయి. టైరు పైని గాళ్లు కొత్తగా కనిపిస్తూనే ఉంటాయి, లోపల పొరల మధ్య పట్టు పోతుంది. ఐదేళ్లు దాటితే అనుమానించండి, ఆరేళ్లు దాటితే మార్చేయండి. వయసు తెలుసుకోవడానికి టైరు పక్క గోడ మీద డాట్ అనే అక్షరాలతో మొదలయ్యే వరసలో చివరి నాలుగు అంకెలు చూడండి. 2318 అని ఉంటే 2018లో ఇరవై మూడో వారం తయారైందని అర్థం. పూర్తి అంకెలు టైరుకు ఒక వైపే ఉంటాయి. చాలాసార్లు అది లోపలి వైపే అవుతుంది, కనుక కింద పడుకుని టార్చి వేసి చూడాల్సిందే.

నాకు ఈ పాఠం ఐ-10 హైవే మీద, ఫోర్ట్ స్టాక్టన్ దాటాక, జులై మధ్యాహ్నం దక్కింది. నాలుగు చక్రాల్లో ఒకటి పేలితే ముందు కూర్చున్నవాడికి తెలియదు. డీజిల్ ఇంజను దాని మానాన అది లాగుతూనే ఉంటుంది. వెనక వస్తున్న లారీ డ్రైవరు లైట్లు వేసి ఆర్పి, చివరికి పక్కకు వచ్చి చెయ్యి ఊపితే ఆపాను. దిగి చూస్తే టైరు పై పొర మొత్తం ఊడిపోయింది. ఊడే ముందు కొరడాలా తిరుగుతూ చక్రం పైని రేకును చీల్చి, బ్రేకు తీగల్ని తెంపి, అడుగున ప్లాస్టిక్ షీటును పీకేసింది. వంటగది సింకు కింద అర తలుపు తెరిస్తే నేల కనిపించింది. గ్యాసు గొట్టానికి ఓ నాలుగు అంగుళాల దూరంలో చీలిక ఆగింది. ఆ టైర్ల వయసు ఏడేళ్లు. గాళ్లలో నాణెం పెట్టి చూసి "ఇంకా బోలెడు ఉంది" అనుకున్నది నేనే.

అందుకని టైరు గాలినీ వేడినీ చూపే సెన్సర్ల సెట్టు తప్పక కొనండి. 36 అడుగుల ట్రెయిలర్‌కు మధ్యలో సంకేతాన్ని అందించే రిపీటర్ ఉన్నదే తీసుకోండి, లేకపోతే వెనక చక్రాల సమాచారం మీదాకా రాదు. మీ ట్రెయిలర్‌కు ఇ తరగతి టైర్లుంటే 80 పీఎస్ఐ గాలి పడుతుంది. ఎక్కువ బరువు మోసే జి తరగతికి మారితే 110 పడుతుంది, కానీ ఆ ఒత్తిడిని మీ రిమ్ములు తట్టుకుంటాయో లేదో వాటి మీద ముద్ర చూసి గానీ మారకండి. గాలి పొద్దున్నే, టైరు చల్లగా ఉన్నప్పుడు చూడాలి. వేగం 65 మైళ్లు దాటవద్దు. చాలా ట్రెయిలర్ టైర్లను ఆ వేగానికే తయారుచేసేవారు. చక్రం విప్పి బిగించిన ప్రతిసారీ 10, 25, 50 మైళ్ల దగ్గర ఆగి నట్లను టార్క్ రెంచ్‌తో సరిచూసుకోండి. అన్నట్లు, జాకీని ఇరుసు గొట్టం కింద పెట్టకండి, అది వంగితే టైర్లు ఒక పక్కే అరగడం మొదలవుతుంది. చట్రం కింద పెట్టండి.

బేరింగులు, బ్రేకులు. ఏడాదికోసారి లేదా 12,000 మైళ్లకోసారి, ఏది ముందొస్తే అది, బేరింగులు విప్పి కడిగి కొత్త గ్రీజు పెట్టాలి. పాత బండి కనుక కొన్న వారమే చేయించండి. అమ్మేవారు "పోయినేడే చేయించాం" అంటే తల ఊపి, అయినా చేయించండి. ఇరుసు చివర రబ్బరు మూత తీసి గ్రీజు గన్‌తో నింపే ఏర్పాటు కొన్నిటికి ఉంటుంది. చూడటానికి సులువు. గట్టిగా నొక్కితే గ్రీజు వెనక సీలు దాటి బ్రేకు డ్రమ్ములోకి పోతుంది. మొదటి ట్రెయిలర్‌లో నాకు జరిగిందదే. విప్పి చూస్తే బ్రేకు లైనింగు నెయ్యి రాసిన పూతరేకులా ఉంది. ఆ చక్రానికి ఎన్ని నెలలుగా బ్రేకు లేదో దేవుడికే తెలియాలి.

ప్రయాణంలో ఆగిన ప్రతిచోటా నాలుగు చక్రాల మధ్య భాగాన్ని చేత్తో తాకి చూస్తాను, ఈ మధ్య ముప్పై డాలర్ల ఇన్‌ఫ్రారెడ్ థర్మామీటర్ వాడుతున్నాను. ఎంత వేడి అన్నది కాదు లెక్క. నాలుగూ ఒకేలా ఉన్నాయా అన్నది చూడాలి. ఒకటి మిగతా మూడింటికంటే బాగా వేడెక్కితే బేరింగు పోతోందనో, బ్రేకు పట్టేసిందనో అర్థం. ఒకటే చల్లగా ఉంటే దానికి బ్రేకు పడటం లేదు.

బ్రేకు కంట్రోలర్ (ట్రెయిలర్ బ్రేకులు ఎంత గట్టిగా పడాలో పికప్‌లోంచి చెప్పే పరికరం) సరిచేయడానికి ఖాళీ మైదానం చాలు. గంటకు 20, 25 మైళ్ల వేగంలో పికప్ బ్రేకు తొక్కకుండా కంట్రోలర్ మీది మీటను మాత్రమే నొక్కండి. ట్రెయిలర్ మిమ్మల్ని గట్టిగా వెనక్కి లాగి ఆపాలి, చక్రాలు బిగుసుకుని ఈడ్చుకుపోకూడదు. అక్కడిదాకా పెంచుకోండి. బరువు మారితే మళ్లీ చూసుకోండి.

ట్రెయిలర్ తెగిపోతే దానంతటదే బ్రేకు వేసే చిన్న స్విచ్చు ఒకటుంది, సన్నటి తీగ లాగితే పనిచేస్తుంది. ఆ తీగను హిచ్‌కు కట్టేవాళ్లను చాలామందిని చూశాను. హిచ్చే ఊడి వస్తే ఇక ఆ తీగ లాగేదెవరు? పికప్‌కే కట్టండి. నెలకోసారి పిన్ను లాగి, పికప్‌ను కొంచెం ముందుకు కదిపి, చక్రాలు పట్టాయని చూసి వెంటనే తిరిగి పెట్టేయండి. అలాగే వదిలేస్తే బ్యాటరీ ఖాళీ అవుతుంది, బ్రేకు అయస్కాంతాలు కాలిపోతాయి.

హిచ్ తగిలించడం. ఇది మరమ్మతు కాదు, కానీ ఇక్కడ ఒక్క తప్పుకు మరమ్మతు ఖర్చు వేలల్లో ఉంటుంది. నా రెండో ప్రయాణంలో ఫ్రెడరిక్స్‌బర్గ్ దగ్గర వాన పడుతోంది, పిల్లలు బండిలో అరుస్తున్నారు, తొందరలో వెనక్కి వచ్చి తగిలించాను. టక్కుమని శబ్దం వచ్చింది, పట్టేసిందనుకున్నాను. ట్రెయిలర్ ఓ రెండు అంగుళాలు ఎత్తులో ఉండటంతో కింగ్‌పిన్ హిచ్ దవడల మధ్యకు దిగకుండా వాటి పైన కూర్చుంది. ట్రెయిలర్ ముందు భాగాన్ని నిలబెట్టే ఇనుప కాళ్లు పైకెత్తి, గేరు వేసి పది అడుగులు కదిలానో లేదో ఏనుగు కూర్చున్నట్లు ట్రెయిలర్ ముక్కు తొట్టి గోడల మీద కూలబడింది. రెండు వైపులా గోడలు లోపలికి మడిచినట్లు వంగిపోయాయి. పక్క స్థలంలో కాఫీ తాగుతున్న ముసలాయన కుర్చీలోంచి లేవకుండానే "మొదటిసారా?" అని అడిగాడు. రెండోసారి అని చెప్పడానికి నోరు రాలేదు.

అప్పటినుంచి ఎంత వాన వచ్చినా ఇదే వరస. హిచ్ పలక కంటే ట్రెయిలర్ అడుగు పలక కాస్త కిందికే ఉండాలి, వెనక్కి వెళుతుంటే పికప్ దాన్ని కొద్దిగా పైకెత్తాలి. దవడలు మూసుకున్నాయో లేదో టార్చి వేసి కంటితో చూడాలి, శబ్దాన్ని నమ్మకూడదు. చక్రాలకు అడ్డుచెక్కలు అలాగే ఉంచి, కాళ్లను నేలకు ఒక్క అంగుళం పైకి మాత్రమే ఎత్తి, ట్రెయిలర్ బ్రేకు నొక్కిపెట్టి పికప్‌ను ముందుకు గుంజాలి. ఊడేదుంటే అక్కడే ఊడుతుంది, ఒక్క అంగుళం పడి కాళ్ల మీద నిలబడుతుంది. విప్పేటప్పుడు తొట్టి వెనక తలుపు దించడం మరిచిపోతే దాని ఖర్చు వేరే.

మీ తొట్టి ఆరున్నర అడుగులదే కనుక ఇంకో జాగ్రత్త. ఇరుకు మలుపులో ట్రెయిలర్ ముందు మూల పికప్ వెనక అద్దాన్ని తాకే ప్రమాదముంది. వెనక్కి జరిగే హిచ్ దీనికి మందు. ఏది వాడినా, ఖాళీ చోట ఒకరిని దింపి, నెమ్మదిగా తిప్పుతూ ఎంతవరకు వస్తుందో ముందే చూసుకోండి. తొట్టి గోడలకూ ట్రెయిలర్ అడుగుకూ మధ్య ఆరు అంగుళాల ఎడం ఉండాలి.

పైకప్పు. ట్రెయిలర్‌ను చంపేది రోడ్డు కాదు, నీళ్లు. కప్పు మీద పరిచిన రబ్బరు పొర గట్టిదే, దానికి చేసిన కన్నాల దగ్గరే ఇబ్బంది. ఏసీ, గాలి మూతలు, గొట్టాలు, అంచులు, వీటి చుట్టూ పూసిన మైనంలాంటి సీలెంట్ టెక్సస్ ఎండకు ఎండి, వెంట్రుకవాసి బీటలు వేస్తుంది. మూడు నెలలకోసారి నిచ్చెనెక్కి, మోకాళ్ల మీద పాకుతూ, ప్రతి అంచునూ వేలితో తడిమి చూడండి. బీట కనబడితే శుభ్రం చేసి, అదే రకం సీలెంట్, దానంతటదే సర్దుకుని పరుచుకునేది, పైన పోయండి. ఇంటి కప్పుకు వాడే తారు, బాత్రూం సిలికాన్ పూయవద్దు, తర్వాత వాటి మీద ఏదీ అంటదు. మీ కప్పు మీదిది ఈపీడీఎం అనే రకం రబ్బరైతే పెట్రోలియం కలిసిన క్లీనర్లు ఆమడ దూరంలో ఉంచండి.

కొనే ముందు ట్రెయిలర్ గోడ చివర నిలబడి, గోడకు చెంప ఆనించినంత దగ్గరగా పొడవునా చూడండి. ఎక్కడైనా బొబ్బలా ఉబ్బితే లోపల నీరు చేరి పొర ఊడినట్లే. లోపల మూలల్లో బొటనవేలితో నొక్కండి, అల్మారాల్లో తల పెట్టి వాసన చూడండి. తడి గోనెసంచి వాసన వస్తే బేరం ఎంత బాగున్నా వెనక్కి తిరగండి.

చలికాలం గురించి ఒక మాట. "టెక్సస్‌లో చలేమిటి" అని నేనూ అన్నాను. 2021 ఫిబ్రవరిలో ఆ మంచు వచ్చినప్పుడు నా ట్రెయిలర్ గొట్టాల్లో నీళ్లున్నాయి. పంపు, స్నానాల గది కుళాయి, ఫిల్టరు డబ్బా, మూడూ పగిలాయి. నవంబరులో నీళ్లు తీసేసి, నీటి హీటర్‌ను తప్పించి, ట్రెయిలర్ల కోసమే అమ్మే గులాబి రంగు యాంటీఫ్రీజ్ గొట్టాల్లోకి ఎక్కించండి. కార్లలో పోసేది విషం, అది కాదు. వసంతంలో మళ్లీ వాడే ముందు 15 గ్యాలన్ల నీటికి పావు కప్పు బ్లీచ్ కలిపి గొట్టాలన్నీ నింపి, కొన్ని గంటలుంచి కడిగేయాలి. ట్రెయిలర్లు నిలిపే పార్కుల్లో కుళాయికి ప్రెషర్ రెగ్యులేటర్ లేకుండా గొట్టం తగిలించకండి. నీటి హీటర్‌లో ఉక్కు ట్యాంకు ఉంటే అందులో అనోడ్ కడ్డీ (ట్యాంకుకు తుప్పు పట్టకుండా తాను కరిగేది) ఉంటుంది, ఏడాదికోసారి తీసి చూసి, ముప్పావు వంతు కరిగితే మార్చండి.

కరెంటు. మీ ట్రెయిలర్ 50 ఆంపియర్లది. అంటే 120 వోల్టుల తీగలు రెండు, మొత్తం 12,000 వాట్లు. 30 ఆంపియర్ల పార్కులో దిగితే దక్కేది 3,600 మాత్రమే. ఏసీ నడుస్తుండగా మైక్రోవేవ్ వేస్తే ఫట్. దీనికంటే పెద్ద శత్రువు తక్కువ వోల్టేజి. ఆగస్టు మధ్యాహ్నం పార్కులో అందరి ఏసీలూ తిరుగుతుంటే వోల్టేజి జారిపోతుంది, మీ ఏసీ మోటార్లు మాడతాయి. వోల్టేజి పెరిగినా, తగ్గినా, పార్కు స్తంభంలో తీగలు తప్పుగా కలిపినా కరెంటు ఆపేసే రక్షణ పరికరం కొనండి. నాది 104 వోల్టుల కిందికి దిగితే ఆపేస్తుంది. ఉత్త సర్జ్ ప్రొటెక్టర్ అనే చవక రకం ఈ పని చేయదు.

మన వంట గురించి ఎవరూ రాయరు కనుక నేను రాస్తాను. గుంటూరు నుంచి అమ్మ మిక్సీ తెస్తానంటే ఆపండి, అది 230 వోల్టులది. 110 వోల్టుల గ్రైండర్లు ఇక్కడే దొరుకుతాయి. పోపు పెట్టినప్పుడు పైన పొగ అలారం మోగుతుంది, అది మామూలే, ఫ్యాను వేసి కిటికీ తీయండి. నేలకు దగ్గరగా గోడలో ఉన్న అలారం వేరు, అది ప్రొపేన్‌ది. ప్రొపేన్ గాలికంటే బరువు కనుక కిందికి దిగుతుంది, అందుకే అక్కడ పెడతారు. అది మోగితే పొయ్యి ఆర్పి, అందరూ బయటికి వచ్చి, సిలిండర్ కట్టేయాలి. ఆ అలారానికి వయసు ఐదు నుంచి ఏడేళ్లు. 2018 బండిలో అసలుదే ఉంటే ముందు దాన్నే మార్చండి. ఇడ్లీ ఆవిరి, ప్రొపేన్ మంట ఆవిరి కలిసి చలిలో గోడల మీద నీళ్లు కారతాయి, కనుక వండినంతసేపూ కప్పు ఫ్యాను తిరగాలి. నూనె, గంజి సింకులో పోయకండి. మరుగుదొడ్డి ట్యాంకు వాల్వు ఎప్పుడూ మూసి ఉంచి, నిండాకే తెరవండి. తెరిచి ఉంచితే నీళ్లు పోయి, మిగిలింది గుట్టగా గడ్డకడుతుంది. వివరాలు అడగకండి.

పికప్. డీజిల్ ఫిల్టర్లు కంపెనీ చెప్పిన గడువుకే మార్చండి, నీటి సెపరేటర్‌ను మధ్యమధ్య వంపండి. గేరు పెట్టె ఆయిలు, వెనక డిఫరెన్షియల్ ఆయిలు విషయంలో పుస్తకంలో బరువు లాగేవారికని వేరే గడువు రాసి ఉంటుంది, అది మీకు వర్తిస్తుంది. డెఫ్ ద్రవం (డీజిల్ పొగను శుభ్రం చేయడానికి పోసేది) ఎండలో నిలవ ఉన్న డబ్బా కొనకండి, తిరగబడే సెన్సర్ల ఖర్చు భరించలేరు. వెనక టైర్ల గాలి స్టికర్ మీద ఉన్నంత ఉండాలి, మెత్తగా ఉంటే హాయి అనుకోవద్దు.

అమరిల్లో మీదుగా వెళితే రాటన్ కనుమ దాటాలి, 7,834 అడుగులు. ఎక్కడం ఇంజను చూసుకుంటుంది, దిగడం మీరు చూసుకోవాలి. టో మోడ్ (బరువు లాగేటప్పటి గేర్ల అమరిక), ఎగ్జాస్ట్ బ్రేకు (ఇంజనుతోనే వేగం తగ్గించేది) రెండూ శిఖరం రాకముందే వేసి, దిగువకు నిదానంగా వదలండి. బ్రేకు పెడలు మీద కాలు ఆనించి ఉంచితే కిందికి వచ్చేసరికి కాలిన వాసన వస్తుంది. వయోమింగ్‌లో గాలి ఎక్కువైన రోజుల్లో ఎత్తుగా, తేలికగా ఉన్న బండ్లను రోడ్డు మీదికి రానివ్వరు. ఆ బోర్డు కనిపిస్తే పందెం కట్టకుండా ఆగి, ఒక పూట పడుకోండి.

ఎత్తు మీరే టేపుతో కొలవండి, ఏసీ పైభాగం వరకు, పికప్‌కు తగిలించి ఉండగా. చాలా ఫిఫ్త్ వీళ్లు 13 అడుగుల దగ్గరికి వస్తాయి. ఆ అంకె స్టీరింగ్ ఎదురుగా అంటించండి. నార్త్ కరోలైనాలో కేరీ వైపు చుట్టాలింటికి వెళ్లే ఆలోచన ఉంటే, డర్హామ్‌లో గ్రెగ్సన్ వీధి రైలు వంతెన సంగతి వినే ఉంటారు. 11 అడుగుల 8 అంగుళాలుండేది, లారీల కప్పుల్ని డబ్బా మూతల్లా తీసేది. 2019లో 12 అడుగుల 4 అంగుళాలకు ఎత్తారు. మీది అప్పటికీ పట్టదు. బాల్టిమోర్ వైపు వెళ్లేవారు అక్కడి సొరంగాల్లోకి ప్రొపేన్ సిలిండర్లతో ట్రెయిలర్లను రానివ్వరని గుర్తుంచుకోండి. ఆ సొరంగాలను తప్పించే దారిగా ఉన్న కీ వంతెన 2024 మార్చిలో కూలినప్పటినుంచి 695 హైవే మీద పడమటి వైపు చుట్టు తిరగడమే.

ఇక అమ్మానాన్నల ప్రయాణం. మీ పికప్‌లో ముందు సీట్ల మధ్య పెట్టె ఉంటే ఐదుగురే పడతారు, మీరు ఆరుగురు. నడుస్తున్న ట్రెయిలర్‌లో మనుషుల్ని కూర్చోబెట్టడం కొన్ని రాష్ట్రాల్లో చట్టం ఒప్పుకున్నా నేను ఒప్పుకోను, లోపల బెల్టులు లేవు, పైన చెప్పిన టైరు పేలింది సరిగ్గా వంటగది కిందే. మీ ఆవిడ కారు తీసుకుని వెనక రావడం మంచిది. ఎల్లోస్టోన్ లోపల తిరగడానికి ఆ కారే సుఖం కూడా. ట్రెయిలర్ మెట్లు మోకాళ్ల నొప్పులున్నవారికి ఎత్తు, పక్కన పట్టుకునే కమ్మీ బిగించండి, నలభై డాలర్ల పని.

శనివారం బండి చూడటానికి వెళుతున్నారన్నారు. ఒక టార్చి, పడుకోవడానికి పాత దుప్పటి, ఒక నిచ్చెన తీసుకెళ్లండి. ముందు కింద దూరి నాలుగు టైర్ల అంకెలు రాసుకోండి, తర్వాత కప్పెక్కండి, లోపలికి చివర్లో వెళ్లండి. లోపల సోఫాలు, మంట బొమ్మ చూపే హీటరు చూశాక కిందికి దూరబుద్ధి కాదు. ఆ నాలుగు అంకెలూ, ఏసీ చుట్టూ సీలెంట్ ఫొటో ఒకటీ ఇక్కడ పెట్టండి, ఆదివారం పొద్దున చూసి ఎంత తగ్గించి అడగాలో చెబుతాను. పికప్ మార్చే సంగతి ఇంట్లో మాట్లాడాకే ధర మాట్లాడండి.